క్విరిన్ పెట్టే ఆఖరి ముద్ద

మా హోల్‌బాఖ్ లోయలో వేటకు ఇరవై మూడు మంచెలున్నాయి. ఇరవై రెండింటికి నంబర్లే. ఒక్కదానికి మాత్రం పేరుంది — క్విరిన్ మంచె. మంచెకి మనిషి పేరు పడిందంటే, ఆ మనిషి అక్కడ సుఖంగా కూర్చుని ఇంటికొచ్చాడని కాదు కదా.

ఊరికి గంటన్నర నడక. పైకి వెళ్లేకొద్దీ దారి సన్నబడి, ఓక్ చెట్ల మధ్య ఒక బురద గుంట దగ్గర ఆగిపోతుంది. గుంటకు అరవై అడుగుల దూరంలో రెండు చెట్లకు కలిపి కట్టిన మంచె, పద్నాలుగు మెట్ల నిచ్చెన. అడవిపందులు పొర్లాడ్డానికి అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. అయినా ఏడాదంతా అది ఖాళీగానే ఉంటుంది.

ఎందుకంటే... అక్కడ మీరు పందిని కొట్టి, మంచె దిగి, దాని దగ్గరికి వెళ్లేసరికి — దాని నోట్లో అప్పటికే రెమ్మ ఉంటుంది.

మాలో వేటాడిన జంతువు నోట్లో, పళ్ల మధ్య అడ్డంగా, ఒక పచ్చని రెమ్మ పెడతాం. ఓక్ లాంటి ఐదు చెట్లలో ఒకదానిదే అయి ఉండాలి. ఆఖరి ముద్ద అంటాం దాన్ని. ప్రాణం తీసినవాడే టోపీ తీసి తన చేత్తో పెట్టాలి. ఆ రెమ్మలోనే ఒక తుంపు తన టోపీలో గుచ్చుకోవాలి. ముద్ద పెట్టకుండా కత్తి తీశాడంటే వాడు వేటగాడు కాదు, కసాయి. మరి మీరింకా మంచె మీదే ఉండగా ఆ ముద్ద పెట్టినదెవరు?

"క్విరిన్ పెడతాడు" అంటారు మా ఊళ్లో. గొంతు తగ్గించి అంటారు.

క్విరిన్ ఈ అడవికి కాపలాదారు. పంతొమ్మిది వందల యాభై ఏడు అక్టోబరులో ఒక తెల్లవారుజామున, ఆ నిచ్చెన మొదటి మెట్టు దగ్గర వెల్లకిలా పడి దొరికాడు. గుండెలో తూటా. దొంగవేటకు వచ్చినవాడెవడో కాపలాదారు కంటబడి కాల్చేశాడన్నారు. ఎవడన్నది తేలలేదు. పోలీసులు కొండవాలు మీద ఇంటివాడు ఇగ్నాజ్‌ని తీసుకెళ్లి రెండు రోజులు కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు.

పోలీసులు వదిలేశారు గానీ ఊరు వదల్లేదు. నువ్వే చంపావని ఎవరూ అనలేదు. అంటే బాగుండేది, కాదని చెప్పుకునే వీలైనా ఉండేది. ఆయన సత్రంలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. చర్చిలో ఆయన కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. అరవై రెండేళ్లు అలాగే గడిచాయి.

నేను తుపాకులు బాగుచేసేవాణ్ని. ఈ లోయలో ప్రతి తుపాకీ ఏడాదికోసారి నా బల్ల మీదికి రావాల్సిందే. తుపాకీ అబద్ధం చెప్పదు. దాన్ని తెచ్చినవాడు చెబుతాడు. నూటయాభై అడుగుల్లో కొట్టినదాన్ని ఆరు వందల అడుగులంటాడు, గురి తప్పితే దుర్భిణి వంకరైందంటాడు. ముప్పై ఏళ్లుగా ఇదే వింటున్నాను. అందుకే నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అంతకన్నా లేదు.

మా పళ్ల డాక్టరు రూపర్ట్ సంగతే చూడండి. ఆయనకు వేటకన్నా వేట సామాను మీద మోజెక్కువ. చీకట్లో ఒంటి వేడిని చూపించే దుర్భిణి, చప్పుడు చెయ్యని బూట్లు, బ్యాటరీతో వెచ్చబడే చొక్కా. నిన్ను చూస్తే పంది నవ్వి నవ్వే చస్తుంది, తూటా దండగ అని ఏడిపించేవాళ్లం. రెండు వేల పదిహేనులో పౌరుషానికి పోయి క్విరిన్ మంచె ఎక్కాడు. మర్నాడు పొద్దున నా కొట్టుకి వచ్చాడు — ఒక కాలికే బూటుతో.

"కొట్టాను. మన పద్ధతి ప్రకారం ఒక సిగరెట్ కాలేంతసేపు మంచె మీదే ఉన్నాను" అన్నాడు. అది నిజమే, కొట్టగానే దిగకూడదు. కొన ఊపిరితో ఉన్న పంది మీదికి చీకట్లో వెళితే తొడ చీల్చేస్తుంది. "తర్వాత దిగాను. వెళ్లి చూస్తే... నోట్లో ఉంది. ఒట్టు! అదీ తప్పు రెమ్మ. ఐదు చెట్లవే పెట్టాలని పసిపిల్లాడికి కూడా తెలుసు కదయ్యా. అదేదో ముళ్ల పొద!"

"నీ దుర్భిణిలో ఎవరూ కనబడలేదా?"

"బ్యాటరీ అయిపోయింది."

"ఆ ముందురోజే కదా నా దగ్గర కొత్తది కొన్నావ్?"

గోడకున్న తుపాకుల వైపు చూస్తూ ఉండిపోయాడు. మంచె మీద నిద్రపోయి ఉంటాడని, అందుకే ఎవరినీ చూడలేదని అప్పుడే అనుకున్నాను. కానీ అతనికి ముందు వెళ్లినవాళ్లు కూడా ఇదే చెప్పారు. అందరూ మొదట అన్న మాట ఒకటే — అది తప్పు రెమ్మ.

నా అనుమానం వేరు. మా సత్రంలో గోడకి అడవి పటం ఒకటి ఉంది. ఎవరు ఏ మంచెకి వెళితే అక్కడ తన పేరు రాసిన చెక్క తగిలించి వెళ్లాలి, ఒకరి తూటా ఇంకొకరికి తగలకుండా. అంటే క్విరిన్ మంచె మీద ఈ రాత్రి ఎవరున్నారో బీరు తాగడానికొచ్చిన ప్రతివాడికీ తెలుసు. ఇక దెయ్యం దాకా ఎందుకు? ఎవడో మనిషే చేస్తున్నాడు. సత్రం యజమానిని అనుమానించాను. రంపం మిల్లు కుర్రాళ్లని అనుమానించాను. ఒక ఏడాది మా బావమరిదిని కూడా అనుమానించాను. ఎందుకు చేస్తున్నాడన్నది మాత్రం నా బుర్రకు తట్టలేదు.

వెండెలిన్ మా వేట సంఘంలో చేరతానని వచ్చింది రెండు వేల పంతొమ్మిది సెప్టెంబరులో. ఇగ్నాజ్ మనవడు. ఇరవై ఆరేళ్లు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే తాతే పెంచాడు. వేట పరీక్ష పక్క జిల్లాలో రాసి ప్యాసయ్యాడు, ఇక్కడ రాస్తే కావాలని తప్పిస్తారేమోనని. ఆ అనుమానం తప్పని నేననను.

సత్రంలో పొడవాటి బల్ల చుట్టూ పదిహేను మందిమి ఉన్నాం. బల్ల కొసన ఆల్బాన్. డెబ్బై నాలుగేళ్లు, మా సంఘం పెద్ద. పైగా క్విరిన్ కొడుకు. కొత్తగా ఎవరు చేరాలన్నా క్విరిన్ మంచె మీద ఒక రాత్రి కూర్చుని రావాలన్న నియమం ఈ మధ్యే పెట్టింది ఆయనే. తండ్రి పేరు నిలబెట్టడానికేమో అనుకునేవాళ్లం.

"ఏం బాబూ, మా దగ్గరే ఎందుకు?" అన్నాడు ఆల్బాన్. "పక్క లోయలో పందులు లేవా?"

వెండెలిన్ టోపీని రెండు చేతుల్లో నలుపుతున్నాడు. "పందుల కోసం కాదు, పెద్దాయనా. మా తాతకి ఎనభై తొమ్మిది. ఈ చలికాలం దాటడంటున్నారు."

"అయితే?"

"ఆయన పోతే... గోతిలో రెమ్మలు వెయ్యడానికి వేటగాళ్లు ఎవరో ఒకరు రావాలి. వేట కొమ్ము ఊదాలి. ఆయన కూడా వేటగాడే. కుక్కని పూడ్చినట్టు పూడ్చాల్సిన మనిషి కాదు."

 రూపర్ట్ బీరు నురగ తుడుచుకుంటూ, "క్విరిన్ మంచెకి మీ ఇంటివాళ్లకి దారి చెప్పక్కర్లేదు లే" అన్నాడు.

"నోరు మూసుకో రూపర్ట్" అన్నాడు ఆల్బాన్. ఆయన ఇగ్నాజ్ ఇంటి తరఫున మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. నాకు అది కూడా అనుమానంగానే తోచింది. "ఒక్క రాత్రి కూర్చో. పారిపోకుండా తెల్లవారేదాకా ఉంటే నీ చెక్క గోడకి తగిలిస్తాం. సభ్యుడి ఇంట్లో చావుకి అందరం వస్తాం, రెమ్మలు వేస్తాం. అది నియమం. ఇష్టం లేనివాడు కూడా వస్తాడు."

చివరి మాట రూపర్ట్‌ని చూస్తూ అన్నాడు.

వెండెలిన్ మర్నాడు నా కొట్టుకి తుపాకీ తెచ్చాడు. నా దగ్గరే కొన్న పాతది. గొట్టం శుభ్రంగా ఉంది, దుర్భిణి గట్టిగా కూర్చుంది. చీకట్లో చూసే సామాను ఏదైనా అద్దెకి ఇవ్వనా అంటే వద్దన్నాడు, పౌర్ణమి వెన్నెల చాలన్నాడు. నాకు ఆ కుర్రాడు నచ్చాడు. నచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది కూడా.

"తాత ఏమన్నాడు?" అని అడిగాను.

"వద్దన్నాడు. చలి పడదన్నాడు, దగ్గుతావన్నాడు. ఆ మంచె మెట్లు పుచ్చిపోయాయన్నాడు."

"పుచ్చిపోయాయని మంచం మీద ఉన్న మనిషికెలా తెలుసు?"

వెండెలిన్ మొహం ఎర్రబడింది. "మీరు కూడానా అన్నా?" అన్నాడు. తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడి నుంచి జరిగింది నేను చూసింది కాదు. వెండెలిన్ తర్వాత నా బల్ల ముందు కూర్చుని చెప్పింది. చెప్పినప్పుడు ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పలేదు. అందుకే నమ్ముతున్నాను.

పౌర్ణమి నాడు సాయంత్రం నాలుగున్నరకి మంచె ఎక్కాడు. మెట్లు పుచ్చలేదు. ప్రతి మెట్టూ గట్టిగా ఉంది, ఎవరో ఏటేటా మార్చినట్టు. అది చూసి కొంచెం ఆగాడు. ఎవరూ ఎక్కని మంచెకి కొత్త మెట్లెందుకు?

చీకటి పడింది. చలి ముందు కాళ్లకి పట్టింది, తర్వాత మోకాళ్లకి. ఎనిమిదికి చంద్రుడు గట్టు మీదికి వచ్చాడు. గుంటలో నీళ్లు తెల్లగా మెరిశాయి. ఓక్ కాయలు ఒక్కొక్కటే రాలుతున్నాయి... టప్... టప్... రాలినప్పుడల్లా ఒళ్లు జలదరించేది. రాలుతున్నవి కాయలేనని తనకి తనే చెప్పుకున్నాడు.

పదింటికి వెనక వైపు అడవిలో ఏదో కదిలింది.

పంది కాదు. పంది నడిస్తే ఆకులు నలుగుతూనే ఉంటాయి, మధ్యమధ్య ముక్కుతో పెళ్లగించిన చప్పుడు వస్తుంది. ఇది అలా లేదు. ఒక అడుగు... చాలాసేపు ఏమీ లేదు... ఇంకొక అడుగు. వినేవాడికి తెలియకుండా నడిచే నడక. వేటగాడి నడక.

రూపర్టే అనుకున్నాడు. తనని భయపెట్టి తరమాలని వచ్చాడు, తెల్లారి సత్రంలో చెప్పుకుని నవ్వడానికి. కోపం వచ్చింది. "ఎవరది?" అందామనుకుని నోరు మూసుకున్నాడు. అరిస్తే పందులు రావు. అరిచాడని రేపు చెప్పుకుంటారు కూడా.

తర్వాత ఏ చప్పుడూ లేదు. వచ్చింది వెళ్లిపోయిందో, అక్కడే నిలబడిందో తెలియదు.

పదకొండు దాటాక పంది వచ్చింది. ఒంటరి మగపంది, పెద్దది, గుంట అంచున నల్లటి బండలా నిలబడింది. గాలి వాసన చూసింది. వెన్నెల్లో కోరలు కనబడుతున్నాయి. వెండెలిన్ ఊపిరి బిగబట్టి, భుజం వెనక గురిచూసి నొక్కాడు.

పంది ఎగిరి, ఇరవై అడుగులు పరుగెత్తి, పొదల వెనక కూలింది. కాళ్లు కొట్టుకున్న చప్పుడు వినబడింది.

వెండెలిన్‌కి సిగరెట్ అలవాటు లేదు. తాత నేర్పిన లెక్క వేరు — జపమాల ఒక చుట్టు. జేబులో పూసలు పట్టుకుని మొదలుపెట్టాడు. కింద పొదల వెనక నుంచి గురక వస్తోంది. నాలుగో పూస... ఏడో పూస... గురక సన్నబడింది.

అప్పుడు మళ్లీ ఆ అడుగులు.

ఈసారి మంచె వెనక కాదు. గుంట అవతల. మెల్లగా, తిన్నగా, పంది పడ్డ చోటికి. వెండెలిన్ కళ్లు చించుకుని చూశాడు. చెట్ల నీడలు తప్ప ఏమీ లేవు. అడుగులు ఆగాయి.

టక్.

ఎండు పుల్ల కాదు. పచ్చి కొమ్మని చేత్తో విరిచిన చప్పుడు.

దూరం నుంచి చెబుతుంటే ఏముంది, నాకూ ధైర్యమే. ఆ పూట అక్కడ ఉంటే నేను ఆ మంచె మీదే తెల్లవారేదాకా ముడుచుకుని కూర్చునేవాణ్ని. వెండెలిన్ పూసలన్నీ పూర్తి చేశాడు. చివరి పూస దాకా. తర్వాత ఒక చిక్కు వచ్చింది. నిచ్చెన దిగే ముందు తుపాకీలో తూటాలు తీసెయ్యాలి. అది పరీక్షలో మొదటి పాఠం, జారిపడితే ఎవరి ప్రాణమైనా పోతుందని. కింద ఎవడో ఉన్నాడని తెలిసీ ఖాళీ తుపాకీతో దిగాలి.

తీసేశాడు. దిగాడు. మొదటి మెట్టు దగ్గర, క్విరిన్ పడి ఉన్న చోట కాలు పెట్టాల్సి వచ్చినప్పుడు వెన్నులో చలి పాకిందని చెప్పాడు. అక్కడ తూటాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఒకటి కింద పడింది, వెతకలేదు.

పొదల వెనక పంది పక్కకి ఒరిగి పడి ఉంది. చచ్చిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

నోట్లో రెమ్మ.

టార్చి వేశాడు. జునిపర్. పొట్టి పొట్టి ముళ్లలాంటి ఆకులు, మధ్యలో నీలం కాయ ఒకటి. విరిచిన కొస లోపలికి, చివుళ్లు బయటికి. పళ్ల మధ్య అడ్డంగా కాకుండా, గొంతు వైపు నిలువుగా దోపి ఉంది.

ఇక్కడే అందరూ పారిపోయింది. వెండెలిన్ పారిపోలేదు. అతనికి... ఏడుపొచ్చింది.

ఎందుకంటే అది వాళ్లింటి పద్ధతి. పరీక్ష కోసం ఐదు చెట్ల పేర్లు బట్టీ పట్టాడు గానీ, ఇంట్లో ఎప్పుడూ జునిపరే. చిన్నప్పుడు వంటింటి బల్ల మీద కుందేలుని పడుకోబెట్టి తాత నేర్పించాడు — ఇలా పెట్టాలిరా, కొస లోపలికి, నిలువుగా, ఆ వాసన గొంతులోకి దిగితే ప్రాణం తేలిగ్గా పోతుంది, మిగతావాళ్లకి తెలియదులే అని. ఈ లోయలో ఇంకెవరూ అలా పెట్టరని అతనికి తెలుసు.

అంటే సంఘం పెద్దలెవరో వచ్చి, వెండెలిన్ ఇంటి పద్ధతి తెలుసుకుని మరీ పెట్టారు. మీ తాతని మాలో కలుపుకున్నాం అని చెప్పడానికి. ఇన్నాళ్లూ జనం దెయ్యమని భయపడ్డది ఇంత మంచి ఆనవాయితీనా! అనుకున్నాడు పిచ్చివాడు. టోపీ తీసి, మోకాలి మీద వంగి, ఆ రెమ్మ కొస తుంచి, టోపీలో గుచ్చుకున్నాడు.

"బయటికి రండి, పెద్దాయనా" అన్నాడు చీకటిలోకి.  "చూశాను. చాలా సంతోషం."

పొదల వైపు ఒక అడుగు వేశాడు.

"ఎవరైనా సరే, రండి. నాకు భయం లేదు."

"...ఎందుకు లేదు?"

గుసగుస. ఆరడుగుల దూరంలో, చెట్టు కాండం పక్కనుంచి. టార్చి తిప్పాడు. పాతకాలపు కాపలాదారు కోటు, వెడల్పు అంచు టోపీ. మొహం... సత్రం గోడ మీద ఫొటోలో ఉండే క్విరిన్ మొహం. అవే బుగ్గలు, అదే ముక్కు. ఆ ఒక్క క్షణం మాత్రం గుండె ఆగిందని వెండెలిన్ ఒప్పుకున్నాడు.

ఆ మనిషి ఒక అడుగు ముందుకి వేశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఫొటోలో క్విరిన్ కన్నా చాలా ముసలివాడు.

ఆల్బాన్.

"ఎందుకు భయం లేదురా నీకు?" అన్నాడు మళ్లీ. "అందరూ తప్పు రెమ్మ అన్నారు. నువ్వనలేదు. నిలువుగా ఉందేమిటన్నారు. నువ్వనలేదు. తీసుకుని టోపీలో పెట్టుకున్నావ్."

"మా ఇంట్లో ఇలాగే పెడతాం కదా."

"ఎవరు నేర్పారు?"

"మా తాత" అన్నాడు వెండెలిన్ గర్వంగా.

ఆల్బాన్ మెల్లగా కిందికి వంగి, పంది పక్కన బండ మీద కూర్చున్నాడు.  

"మా నాన్నని పోలీసులకన్నా ముందు చూసింది నేను" అన్నాడు. "పన్నెండేళ్లు నాకు. తెల్లారినా ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చాను. నిచ్చెన దగ్గర పడి ఉన్నాడు. నోట్లో జునిపర్... కొస లోపలికి, నిలువుగా."

వెండెలిన్ చేతిలో టార్చి కిందికి వాలింది.

"తీసేశాను. జనం వచ్చి మా నాన్నని పందిలా చూడకూడదని. పోలీసులకి చెప్పలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. ఈ భూమ్మీద ఆ సంగతి ఇద్దరికే తెలుసు — నాకూ, పెట్టినవాడికీ." ఊపిరి తీసుకున్నాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ని పట్టుకోవచ్చు. నేను తడుముకోనివాడి కోసం చూశాను. నలభై ఏడేళ్లుగా ఇక్కడ మంచె ఎక్కిన ప్రతివాడి వేటకీ ఇలాగే పెట్టి, పక్కన నిలబడి మొహం చూశాను. అందరూ ఉలిక్కిపడ్డారు. అందరూ మంచివాళ్లే. మీ ఇంటివాళ్లు మాత్రం ఎప్పుడూ రాలేదు."

ఇదన్నమాట దెయ్యం. ఆ నియమం ఎందుకు పెట్టాడో, మెట్లు ఏటేటా ఎవరు మార్చారో, ఒక్క ముక్కలో తేలిపోయింది. అన్నేళ్లు నేను అందరినీ అనుమానించాను గానీ, ఆయన్ని మాత్రం అనుమానించలేదు. తండ్రిని పోగొట్టుకున్నవాడిని ఎవరు అనుమానిస్తారు?

"జునిపర్ ఎక్కడైనా మొలుస్తుంది" అన్నాడు వెండెలిన్.  "ఎవడైనా పెట్టి ఉండొచ్చు. నేరం మా తాత మీదికి నెట్టడానికి ఆయనలాగే పెట్టి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"అయితే అడుగుదాం పదండి. ఇప్పుడే. ఆయన కాదంటాడు. కాదంటే మీరు సత్రంలో అందరి ముందూ చెప్పాలి, ఇగ్నాజ్ చంపలేదని. గోతి దగ్గరికి మీరే ముందు రావాలి."

ఆల్బాన్ తలెత్తి చూశాడు. "కాదంటే చెబుతాను. మా నాన్న మీద ఒట్టు" అన్నాడు. లేచి, తడబడుతూ నిలబడ్డాడు. "చంపాడా లేదా అన్నది కూడా కాదురా నాకు ఇప్పుడు ముఖ్యం. ఆ రెమ్మ ఎగతాళికి పెట్టాడా, మర్యాదకి పెట్టాడా — అరవై రెండేళ్లుగా నిద్రపట్టనివ్వనిది అదొక్కటే."

పందిని అక్కడే వదిలేసి ఇద్దరూ కొండ దిగారు.  ఆల్బాన్ రెండుసార్లు జారాడు, రెండుసార్లూ వెండెలిన్ పట్టుకున్నాడు.

ఇగ్నాజ్ మేలుకునే ఉన్నాడు. పొయ్యి పక్కన మంచం మీద, దిండుకి ఆనుకుని, తలుపు వైపే చూస్తున్నాడు. దీపం ఆర్పలేదు. మనవడు వచ్చాడని మొహం విప్పారింది. వెనక ఇంకొకరు ఉన్నారని చూసి, "ఎవర్రా?" అన్నాడు.

ఆల్బాన్ వెలుగులోకి వచ్చాడు. ఆ కోటులో, ఆ టోపీలో.

ముసలాయన అరవలేదు. ఆల్బాన్‌ని చూశాడు. తర్వాత మనవడి టోపీలో ఉన్న జునిపర్ తుంపుని చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"తాతా" అన్నాడు వెండెలిన్. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "ఈయన ఒక్క మాట అడగడానికి వచ్చారు. నువ్వు కాదని చెప్పు. చాలు. కాదని ఒక్క మాట చెప్పు తాతా."

ఇగ్నాజ్ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. తలని దిండు మీద వెనక్కి వాల్చాడు. కళ్లు ఆల్బాన్ మీద నుంచి తిప్పలేదు. గడ్డం కింది నరాలు బిగిశాయి.

నోరు తెరిచాడు.

మాట రాలేదు. మూసుకోనూ లేదు. అలాగే, వెడల్పుగా తెరిచి ఉంచాడు.

"దాహమా తాతా? నీళ్లు తేనా?" అని వెండెలిన్ లేవబోయాడు.

ఆల్బాన్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. రెండో చేత్తో తన టోపీ తీసి, వెండెలిన్ టోపీలోని జునిపర్ తుంపుని చూశాడు.

"నీళ్లు కాదురా ఆయన అడుగుతున్నది" అన్నాడు.